సీటీ నార్మల్, రెండు రోజులకే ఎమ్మారైలో రక్తం గడ్డ: ఒకే తలకి రెండు రిపోర్టులా?

మర్రిపాలెం అన్నయ్య

అందరికీ నమస్కారం. మాది విశాఖపట్నం, మర్రిపాలెం. పోయిన నెల మా చెల్లికి పాప పుట్టింది. కాన్పు మామూలుగానే జరిగింది. పదకొండో రోజున తలనొప్పి మొదలైంది. రాత్రిళ్లు నిద్ర లేక వస్తోందిలే అనుకున్నాం. అమ్మ తలకి గుడ్డ కట్టి సాంబ్రాణి పొగ వేసింది. పదమూడో రోజు రాత్రి వాంతులయ్యాయి. పడుకుంటే నొప్పి ఎక్కువవుతోందని గోడకి ఆనుకుని కూర్చునే తెల్లవార్లూ గడిపింది. పొద్దున్నే దగ్గర్లో ఉన్న ఒక ఆసుపత్రికి తీసుకెళ్లాం. తలకి సీటీ తీశారు. రిపోర్ట్ నార్మల్. మైగ్రేన్ అని మాత్రలిచ్చి పంపేశారు.

పదహారో రోజు మధ్యాహ్నం పాపకి పాలిస్తూండగా చెల్లికి ఫిట్స్ వచ్చాయి. అమ్మ పక్కనే ఉండి పాపని అందుకుంది. ఈసారి పెద్ద ఆసుపత్రికి పరిగెత్తాం. అక్కడ స్కాన్లు చూసి రిపోర్టు రాసే డాక్టరు, రేడియాలజిస్టు, తన గదిలోంచి బయటికి వచ్చి మరీ మమ్మల్ని అడిగారు. "కాన్పయి ఎన్ని రోజులు? నీళ్లు సరిగ్గా తాగుతోందా? పడుకుంటే నొప్పి ఎక్కువవుతోందా?" అని. తర్వాత ఎమ్మారై తీశారు, అందులోనే సిరలకి విడిగా ఇంకొకటి తీశారు. మెదడులోంచి రక్తాన్ని కిందికి తెచ్చే పెద్ద సిరలో గడ్డ ఉందన్నారు. అదే రోజు రక్తం పలచబడే ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. ఇప్పుడు ఇంటికి వచ్చేసింది. కుడిచేయి ఇంకా కొంచెం బలహీనంగా ఉంది.

నాకు ఒకటే అర్థం కావట్లేదు. అదే తల, రెండే రోజుల తేడా. మొదటి సీటీలో ఎందుకు కనపడలేదు? చూసినవాళ్లు సరిగ్గా చూడలేదా? చాలా కోపంగా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

కైలాసగిరి మలుపు

చదువుతుంటేనే టెన్షన్ వచ్చిందండీ. నేనైతే ఆ మొదటి ఆసుపత్రి మీద కేసు వేసేవాణ్ని. డబ్బు తీసుకుని నార్మల్ అని రాసిచ్చారు కదా.

చీకటిగది

అన్నయ్య గారూ, మీ చెల్లెలు సమయానికి చికిత్సలో పడ్డారు, ముందు అది పెద్ద ఊరట. నేను రేడియాలజిస్టుని, ఈ ఊళ్లోనే పదిహేడేళ్లుగా ఫిల్మ్‌లు చదువుతున్నాను. మీ చెల్లెలి ఫిల్మ్‌లు నేను చూడలేదు కాబట్టి ఆ రిపోర్ట్ మీద తీర్పు చెప్పలేను. ఈ జబ్బు స్కాన్‌లో ఎలా దాక్కుంటుందో మాత్రం చెప్పగలను.

పక్షవాతం అనగానే అందరికీ తెలిసినది ధమని మూసుకుపోవడం. బాలింతల్లో వచ్చే ఈ రకంలో మూసుకుపోయేది సిర. ఇంట్లో తూము పూడుకుపోతే నీళ్లు వెనక్కి తన్నినట్టు, తలలో ఒత్తిడి పెరుగుతుంది. పడుకుంటే నొప్పి ఎక్కువ కావడం, వాంతులు, తర్వాత ఫిట్స్, చెయ్యో కాలో బలం తగ్గడం, ఇవన్నీ అందులోంచే వస్తాయి. గర్భంలోనూ, కాన్పు తర్వాత ఆరు వారాల వరకూ రక్తానికి గడ్డకట్టే గుణం ఎక్కువగా ఉంటుంది. కాన్పులో రక్తం ఎక్కువ పోకుండా శరీరం చేసుకునే ఏర్పాటు అది. దానికి ఒంట్లో నీళ్లు తగ్గడం తోడైతే ప్రమాదం పెరుగుతుంది.

ఇక సీటీ సంగతి. సీటీ బొమ్మలో ప్రతి చుక్క వెనకా ఒక అంకె ఉంటుంది. దాన్ని హౌన్స్‌ఫీల్డ్ యూనిట్ అంటాం. 1971లో లండన్‌లో మొదటి రోగి తల సీటీ తీసిన యంత్రాన్ని తయారుచేసిన ఇంజనీరు పేరు అది. నీటికి 0, గాలికి మైనస్ 1000, గట్టి ఎముకకి వెయ్యి పైమాట. సిరలో పారుతున్న రక్తం సుమారు 40 నుంచి 60 మధ్య ఉంటుంది. తాజా గడ్డ 70 దగ్గర, ఇంకా పైన. అంటే మేం పట్టుకోవాల్సిన తేడా పది పదిహేను అంకెలు. అదీ వెయ్యి అంకె ఉన్న పుర్రె ఎముకని ఆనుకుని ఉన్న సిరలో. ఒంట్లో నీరు తగ్గి రక్తం చిక్కబడితే మంచి సిర కూడా తెల్లగా కనిపిస్తుంది. రక్తహీనత ఉంటే నిజమైన గడ్డ కూడా అంత తెల్లగా ఉండదు. మన బాలింతల్లో రక్తహీనత ఎంత మామూలో మీకు తెలిసిందే.

అందుకే ప్లెయిన్ సీటీ, అంటే మందు ఎక్కించకుండా తీసేది, నార్మల్ అంటే ఈ జబ్బు లేదని అర్థం కాదు. తలలో రక్తస్రావం అయిందా, కణితి లాంటిది మెదడుని నెట్టేస్తోందా అంటే ప్లెయిన్ సీటీ బాగానే చెబుతుంది. సిరలో రక్తం పారుతోందా లేదా అన్నది దానితో తేలదు. దానికి సిరల బొమ్మ విడిగా తీయాలి, దాన్నే వీనోగ్రామ్ అంటాం. సీటీలో అయితే కాంట్రాస్ట్ అనే రంగు మందు ఎక్కించి తీస్తాం. ఎమ్మారైలో కదిలే రక్తం ఇచ్చే సంకేతాన్ని పట్టుకుని, మందు లేకుండా కూడా తీయచ్చు. కాంట్రాస్ట్ సీటీలో నడినెత్తి కింది పెద్ద సిర అడ్డకోతలో త్రిభుజంలా కనిపిస్తుంది. అంచులు తెల్లగా, నడుమ నల్లగా ఖాళీగా ఉంటే అక్కడ గడ్డ ఉన్నట్టే. దాన్ని ఎంప్టీ డెల్టా అంటాం. మొదటిసారి చూసినవాళ్లెవరూ మర్చిపోరు.

తప్పెవరిది అని అడిగారు. జబ్బు పేరు తెలిశాక పాత ఫిల్మ్ తీసి చూస్తే చాలాసార్లు ఏదో ఒకటి కనిపిస్తుంది, కాబట్టి ఆ చూపుతో తీర్పు చెప్పకూడదు. కానీ బాలింత అని తెలిసి, వాంతులతో తలనొప్పి అని తెలిసి కూడా వీనోగ్రామ్ మాట ఎత్తకపోతే అది లోపమే. నేను వెనకేసుకు రాను. ఒక్కటి చూడండి. ఆ రోజు సీటీ ఫారం మీద ఏం రాసి పంపారు?

కన్సోల్ గది

నేను సీటీ, ఎమ్మారై టెక్నీషియన్‌ని. డాక్టరు గారు అడిగిన ఫారం గురించి నేనూ చెప్పాలి. రోజుకి మా దగ్గరికి వచ్చే ఫారాల్లో చాలావాటి మీద ఒకే ఒక్క మాట ఉంటుంది. "తలనొప్పి", "కడుపునొప్పి", ఒక్కోసారి అదీ ఉండదు, పేరు, వయసు, ఏ స్కాన్, అంతే. ఎమ్మారైలో ఏ సీక్వెన్సులు, అంటే ఏ రకం బొమ్మలు, తీయాలన్నది ముందే నిర్ణయించుకోవాలి. మామూలు బ్రెయిన్ ప్రోటోకాల్‌లో వీనోగ్రామ్ ఉండదు. పేషెంటు బల్ల దిగి వెళ్లిపోయాక అయ్యో అనుకుంటే లాభం లేదు.

అందుకే నేను సూది పెట్టేటప్పుడు మాటల్లో పెట్టి అడుగుతూ ఉంటాను. ఎన్నాళ్ల నుంచి, జ్వరం ఉందా, ఆపరేషన్లేమైనా అయ్యాయా అని. చెప్పింది లోపల డాక్టరు గారికి చేరవేస్తాను. దయచేసి విసుక్కోకండి.

బాలింతలు తప్పకుండా అడిగే మాట ఇంకొకటి ఉంది, కాంట్రాస్ట్ ఇచ్చాక పాలివ్వచ్చా అని. పాలల్లోకి వెళ్లేది చాలా కొద్ది, అందులో బిడ్డ ఒంటికి పట్టేది ఇంకా కొద్ది. ఆపక్కర్లేదనే ఇప్పటి సలహా. అయినా మనసుకి బెంగగా ఉంటే ముందే పిండి పెట్టుకోవచ్చు.

అడివివరం అమ్మమ్మ

బాబూ, నీళ్ల మాట చదివి మనసు కలుక్కుమంది. నాకు డెబ్బై రెండేళ్లు. ముగ్గురు కూతుళ్లకి, ఇద్దరు మనవరాళ్లకి పురుళ్లు పోశాను. బాలింతకి నీళ్లు ఎక్కువిస్తే పొట్ట జారుతుందని, ఒళ్లు నీరు పడుతుందని మా అత్తగారు చెబితే, నేనూ గ్లాసుతో కొలిచి ఇచ్చాను. కారప్పొడి, వెల్లుల్లి, పొడి కూర, గుక్కెడు వేన్నీళ్లు. అది ప్రేమతో చేసిన పనే. దానివల్ల ఇంత ముప్పు ఉంటుందని ఎవరూ చెప్పలేదు. మీ అమ్మగారిని ఏమీ అనకండి బాబూ. ఆవిడ ఇప్పటికే కుమిలిపోతూ ఉంటారు.

మర్రిపాలెం అన్నయ్య

అమ్మమ్మ గారూ, మీరన్నది నిజం. అమ్మ మూడు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మీ మాటలు చదివి వినిపించాను.

డాక్టరు గారూ, ఫైల్ వెతికి ఫారం తీశాను. చెల్లి పేరు, 26, స్త్రీ, "తలనొప్పి, ప్లెయిన్ సీటీ బ్రెయిన్". ఇంకేమీ లేదు. కాన్పు మాటే లేదు. పాపని మా పెద్దమ్మ దగ్గర వదిలి వెళ్లాం కాబట్టి చూసేవాళ్లకి కూడా తెలిసే దారి లేదు. క్యాజువాలిటీ డాక్టరుకి నేనే చెప్పాను, కాన్పయి రెండు వారాలని. ఆ మాట ఆయన దగ్గరే ఆగిపోయింది. స్కాన్ గదిలో ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు. కోపం పోలేదు కానీ ఎవరి మీద అన్నది మారింది.

పీజీ రెండో ఏడు

రేడియాలజీ చదువుతున్నాను. దీనికి రెండో వైపు కూడా ఉంది, చెప్పనివ్వండి. వీనోగ్రామ్ తీస్తే అంతా తేలిపోతుందని కాదు. చెవి వెనకగా వెళ్లే అడ్డ సిరలు రెండుంటాయి, కుడి ఒకటి, ఎడమ ఒకటి. చాలామందికి పుట్టుకతోనే ఒకటి, ఎక్కువగా ఎడమది, సన్నగా ఉంటుంది. సన్నటి సిరలో రక్తం మెల్లగా కదులుతుంది. కాంట్రాస్ట్ లేని వీనోగ్రామ్‌లో మెల్లగా కదిలే రక్తం కనపడదు. బొమ్మలో అక్కడ ఖాళీ. గడ్డ అని రాసేస్తే ఏమీ లేని మనిషికి నెలల తరబడి రక్తం పలచబడే మందులు పడతాయి. ఆ మందులు ఆటలు కావు.

నేను మొదటి ఏడాదిలో అలాగే రాయబోయాను. మా మేడమ్ ఆపి, "ఎముక చూశావా?" అన్నారు. పుర్రె లోపలి వైపు సిర పడుకునే గాడి ఉంటుంది. సిర పుట్టుకతోనే సన్నం అయితే గాడి కూడా సన్నంగా, లోతు లేకుండా ఉంటుంది. కిందికి దిగే మెడ సిర రంధ్రం కూడా ఆ వైపు చిన్నదే. గాడి వెడల్పుగా ఉండి సిర మాత్రం కనపడకపోతే అప్పుడు అనుమానించాలి. అప్పుడు కూడా మామూలు ఎమ్మారై బొమ్మల్లో గడ్డ తన రంగు తను చూపిస్తోందా అని వెతికి, అవసరమైతే కాంట్రాస్ట్ ఇచ్చి తేల్చుకోవాలి. ఆ రోజు నుంచి ఎముక చూడకుండా ఒక్క వీనోగ్రామ్ రిపోర్టూ రాయలేదు.

ఎన్‌ఏడీ నాన్న

ఈ చర్చ చూసి ధైర్యం చేసి రాస్తున్నాను. మా వాడికి తొమ్మిదేళ్లు. రెండు నెలల క్రితం ఎడమచేయి దానంతటదే కొట్టుకోవడం మొదలైంది, రెండు నిమిషాలు. సీటీలో మెదడులో చిన్న ఉంగరం లాంటిది ఉందన్నారు. ఒక చోట టీబీ గడ్డ, ఏడాదికి పైగా మందులు వాడాలన్నారు. ఇంకో చోట పంది పురుగు తిత్తి అన్నారు. మాది మాంసం ముట్టని ఇల్లు, మాకు పంది పురుగు ఎలా వస్తుంది? ఎవరి మాట నమ్మాలి?

చీకటిగది

నాన్నగారూ, మన దేశంలో రేడియాలజిస్టుని నిజంగా పరీక్షించేది ఈ ఉంగరమే. దూరం నుంచి చూస్తే రెండూ ఒక్కలాగే ఉంటాయి.

వేలూరు సీఎంసీ ఆసుపత్రి వైద్యులు 1990ల్లో ఇలాంటి పిల్లల్ని, పెద్దల్ని జాగ్రత్తగా గమనించి కొన్ని గుర్తులు చెప్పారు. ఉంగరం ఒకటే ఉండి, 20 మి.మీ. లోపు ఉండి, చుట్టూ వాపు ఉన్నా మెదడు మధ్యగీతని పక్కకి నెట్టేంత లేకుండా, రోజురోజుకీ పెరిగే నరాల లోపం లేకుండా, ఒంట్లో ఇంకెక్కడా టీబీ జాడ లేకుండా ఉంటే పురుగు తిత్తి అయ్యే అవకాశం బాగా ఎక్కువ. టీబీ గడ్డలు తరచు అంతకన్నా పెద్దవి, అంచు ఎగుడుదిగుడుగా, రెండు మూడు కలిసిపోయి ఉంటాయి. ఇవి సూచనలే, శాసనాలు కావు.

మంచి ఎమ్మారైలో పలచటి కోతలు తీస్తే ఒక్కోసారి ఉంగరం లోపల ఒక పక్కగా సన్నటి చుక్క కనిపిస్తుంది. అది పురుగు తల. అది కనిపిస్తే ఇక వాదన లేదు. టీబీ గడ్డ నడిమి భాగం టీ2 అనే బొమ్మల్లో తరచు నల్లగా ఉంటుంది. స్పెక్ట్రోస్కోపీ అని, కోత పెట్టకుండా లోపలి రసాయనాల గీత తీసే పద్ధతి ఉంది. టీబీలో అది కొవ్వు పదార్థాల దగ్గర ఎత్తుగా లేస్తుంది. ఛాతీ ఎక్స్‌రే, ఇంట్లో ఎవరికైనా టీబీ ఉండిందా అన్న ప్రశ్న, ఈ రెండూ తప్పనిసరి. అన్నీ చూసినా తేలకపోతే, పిల్లాడు బాగుంటే, ఫిట్స్ మందు మీద ఉంచి కొన్ని వారాల తర్వాత మళ్లీ స్కాన్ తీస్తారు. అదీ ఒక పరీక్షే. తిత్తి చాలాసార్లు కుంచించుకుపోతుంది.

మాంసం సంగతి. పంది మాంసం సరిగ్గా ఉడక్కుండా తింటే పేగులో బద్దె పురుగు వస్తుంది. మెదడులో తిత్తి వచ్చే దారి వేరు. బద్దె పురుగు ఉన్న మనిషి మలంలో గుడ్లు ఉంటాయి. అవి కడగని చేతుల వల్ల, సరిగ్గా కడగని ఆకుకూర వల్ల, నీళ్ల వల్ల ఎవరి నోట్లోకైనా వెళ్లచ్చు. శాకాహారులకి రాదన్న నియమం లేదు. బయట చేతి మీద పెట్టించుకుని తిన్న పానీపూరీ చాలు.

రెండు ఫిల్మ్‌లూ, సీడీ, ఛాతీ ఎక్స్‌రే ఒక సంచిలో పెట్టుకుని, పిల్లాణ్ని కూడా తీసుకుని న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లండి. మన ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌లో కూడా చూపించవచ్చు. ఫోటోలు వాట్సాప్‌లో పంపి అడగకండి. ఈ ఉంగరం సంగతి ఫోన్ తెర మీద తేలదు.

సోంపేట మాస్టారు

మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు కిడ్నీ జబ్బు సంగతి అందరికీ తెలుసు. కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్షలో నాకు క్రియాటినిన్ 2.1, ఎక్కువే. నడుము పక్కన నొప్పి వస్తే వైజాగ్‌లో రంగు మందు ఇచ్చి సీటీ తీయాలని రాశారు. ఆ మందు కిడ్నీకి మంచిది కాదని మా ఊళ్లో అందరూ వద్దంటున్నారు. ఏం చేయమంటారు?

చీకటిగది

మాస్టారూ, మీ క్రియాటినిన్ కాగితం స్కాన్ గదిలో చూపించే వరకూ సూది వేయించుకోకండి. ఆ నొప్పికి కిడ్నీలో రాళ్ల అనుమానమే అయితే రంగు మందు అసలు అక్కర్లేదు, ప్లెయిన్ సీటీలోనే దాదాపు అన్ని రాళ్లూ కనిపిస్తాయి. ముందు అల్ట్రాసౌండ్ చేయించండి. కిడ్నీ పొడవు మామూలుగా 9 నుంచి 12 సెం.మీ. మధ్య ఉంటుంది. అది చిన్నదై, మామూలుకన్నా తెల్లగా కనిపిస్తే జబ్బు పాతదని అర్థం. మూత్రం ఎక్కడైనా అడ్డుపడి కిడ్నీ ఉబ్బిందా అన్నదీ అందులోనే తెలుస్తుంది. వేరే కారణానికి కాంట్రాస్ట్ తప్పదంటే మీ కిడ్నీ డాక్టరు, మేము మాట్లాడుకుని నిర్ణయిస్తాం.

కైలాసగిరి మలుపు

నా మొదటి పోస్ట్ తొందరపాటు. ఒప్పుకుంటున్నాను. ఇంకో అనుమానం. కంప్యూటరే ఎక్స్‌రేలు చదువుతోందంటున్నారు కదా, ఇక మనుషులెందుకు?

పీజీ రెండో ఏడు

టీబీ కోసం ఛాతీ ఎక్స్‌రేలు జల్లెడ పట్టడానికి కంప్యూటర్ సాయాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్‌వో) 2021లోనే సిఫారసు చేసింది, పదిహేనేళ్లు దాటినవాళ్లకి. రేడియాలజిస్టు దొరకని చోట, పాడేరు కొండల మీది ఊళ్లలాంటి చోట, అది నిజంగా మేలే. ఒక జబ్బు, ఒక రకం బొమ్మ, ఒక ప్రశ్న అయితే బాగా పనిచేస్తుంది. కానీ గదిలోంచి బయటికి వచ్చి "కాన్పయి ఎన్ని రోజులు?" అని అడిగినది మనిషే కదా.

వడ్లపూడి క్వార్టర్స్

రిపోర్టు కింద "క్లినికల్ కోరిలేషన్ అవసరం" అని, అంటే రోగి లక్షణాలతో పోల్చి చూసుకోమని, రాస్తారు. తప్పించుకోవడానికేనా? మా నాన్న నడుంనొప్పికి ఆరు నెలలు డిస్క్ అని వైద్యం చేశారు. ఎక్స్‌రే నార్మల్. చివరికి ఎమ్మారైలో రెండు వెన్నుపూసలు పాడయ్యాయని, "టీబీనా, వేరేదా, కోరిలేట్ చేసుకోండి" అని రాశారు. మాకు ప్రాణం పోయినంత పనైంది.

చీకటిగది

కొందరు అలవాటుగా రాసేస్తారు, అది నాకూ నచ్చదు. ఏం కోరిలేట్ చేయాలో రాయకుండా ఆ మాట రాయడం అన్యాయం. మీ నాన్నగారి విషయంలో మాత్రం అది నిజమైన ప్రశ్న. వెన్నులో టీబీ రెండు పూసల మధ్య ఉన్న డిస్క్‌ని కూడా తినేసి, పక్కన చీము చేరుస్తుంది. వేరే చోటి నుంచి పాకిన క్యాన్సర్ సాధారణంగా పూసని తిని డిస్క్‌ని వదిలేస్తుంది. కానీ టీబీ మొదట్లో డిస్క్ బాగానే ఉండచ్చు, అక్కడే చిక్కు. ఎక్స్‌రే గురించి కూడా చెప్పాలి. ఎముకలో మూడోవంతు ఖనిజం పోతే గానీ ఎక్స్‌రేలో తేడా తెలియదు. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉన్నాయా? సీటీ చూస్తూ సూదితో ముక్క తీశారా?

వడ్లపూడి క్వార్టర్స్

తీశారు. టీబీ అని తేలింది. మందులు మొదలయ్యాయి, ఇప్పుడు కర్ర లేకుండా రైతుబజారుకి వెళ్లొస్తున్నారు. సాయంత్రం జ్వరం నాలుగు నెలల నుంచీ ఉందండీ. నడుంనొప్పికీ దానికీ సంబంధం ఉంటుందని తెలియక చెప్పలేదు.

ఎన్‌ఏడీ నాన్న

పలచటి కోతల ఎమ్మారై అయింది. లోపల చుక్క కనిపించింది. పురుగు తిత్తే. టీబీ మందులు తప్పాయి. కళ్లు పరీక్షించాకే పురుగు మందు ఇచ్చారు. డాక్టరు గారూ, మీకు ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియట్లేదు.

మర్రిపాలెం అన్నయ్య

చాలా రోజుల తర్వాత వస్తున్నాను. నిన్న చెల్లికి మళ్లీ వీనోగ్రామ్ తీశారు. ఈసారి ఫారం మీద కాన్పు తేదీ, ఫిట్స్ తేదీ, వాడుతున్న మందు అన్నీ డాక్టరు చేత రాయించాను. పాత సీడీలు రెండూ పట్టుకెళ్లాను. రేడియాలజిస్టు గారు పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూపించారు. పెద్ద సిర తెరుచుకుంది. ఒక పక్కన సన్నటి ముక్క మిగిలింది, ఆరు నెలలు పూర్తయ్యే వరకూ మాత్రలు వాడాలన్నారు. ఈస్ట్రోజెన్ ఉండే గర్భనిరోధక మాత్రలు ఎప్పుడూ వేసుకోవద్దని, మళ్లీ గర్భం వస్తే మొదటి రోజే ఈ ఫైల్ చూపించమని చెప్పారు.

అడివివరం అమ్మమ్మ గారూ, ఆదివారం పాప బోర్లా పడింది. అమ్మ బొబ్బట్లు చేసింది. వీధిలో అందరికీ చెల్లే కుడిచేత్తో పంచింది.